లాక్‌డౌన్ దినములలో రక్తములోని చక్కెర

మానవుని రక్తములో ఎల్లప్పుడును కొంత చక్కెర ఉండును; ఉండవలెను కూడ. ఈ చక్కెర పేరు గ్లూకోజు. మెదడు ముఖ్యముగా దీనిమీదనే ఆధారపడి, దినమునకు సుమారు 120 గ్రాముల గ్లూకోజును ఖర్చు చేయును. అయితే రక్తములోని చక్కెర తన హద్దును దాటి, దాటిన చోటనే నిలిచిపోయినచో దానిని మధుమేహము అందురు. భారత వైద్య పరిశోధన మండలి పూనికతో జరిగి 2023లో వెలువడిన సర్వేక్షణ ప్రకారము మన దేశములో 10 కోట్ల మందికి పైగా ఈ వ్యాధి కలదు.

2020లో వీరందరికి ఒక చిక్కు వచ్చి పడెను. ఆ సంవత్సరము మార్చి 11న కొవిడ్ వ్యాధిని ప్రపంచ ఆరోగ్య సంస్థ విశ్వమారిగా పేర్కొనెను. మార్చి 25 నుండి మే 31 వరకు, అనగా 68 దినములు, మన దేశమంతట లాక్‌డౌన్ అమలులో ఉండెను. చక్కెర అదుపులో లేనివారికి కొవిడ్ సోకినచో వ్యాధి తీవ్రమగు ప్రమాదము హెచ్చని వైద్యులు త్వరలోనే గ్రహించిరి. కనుక మధుమేహ రోగులు ఇల్లు కదలకుండుట అవసరమయ్యెను. కాని ఇల్లు కదలకుండుటయే చక్కెరను పెంచు కారణములలో ఒకటి. ఒక ప్రమాదమును తప్పించుకొనుటకు మూసిన తలుపు రెండవ ప్రమాదమును ఇంటిలోనికి తెచ్చుచున్నట్లయ్యెను.

ఈ చిక్కును విడదీయుటకు దేహములో చక్కెర జమాఖర్చులు ఎట్లు జరుగునో మొదట తెలిసికొనవలెను.

ఒక చెమ్చాడు చక్కెర

పెద్దవయసు వారి దేహములో సుమారు 5 లీటర్ల రక్తము ఉండును. ఆరోగ్యవంతునికి పరగడుపున ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తములో 70 నుండి 100 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉండును. 100 మిల్లీగ్రాములు ఉన్నదనుకొని విద్యార్థులు లెక్కకట్టవచ్చును: 5 లీటర్లకు మొత్తము 5 గ్రాములు. అనగా ఒక చిన్న చెమ్చాడు మాత్రమే. పరగడుపున ఈ అంకె 126 గాని, అంతకు మించి గాని ఉండి, రెండవసారి పరీక్షలోను అట్లే తేలినచో మధుమేహమని నిర్ణయింతురు. సుమారు 180 దాటినప్పుడు మూత్రపిండములు చక్కెరను పట్టి ఉంచజాలక మూత్రములోనికి విడిచివేయును.

ఇప్పుడొక భోజనమును చూడుడు. 100 గ్రాముల బియ్యములో సుమారు 78 గ్రాముల పిండిపదార్థము కలదు. అన్నము జీర్ణమైనప్పుడు ఈ పిండిపదార్థము దాదాపు అంతయు గ్లూకోజుగా మారి రక్తములో చేరును. 5 గ్రాములు మాత్రమే ఉండవలసిన చోటికి, రెండు మూడు గంటలలో, దానికి 15 రెట్లకు పైగా చక్కెర వచ్చి పడుచున్నది. అయినను ఆరోగ్యవంతునికి భోజనానంతరము చక్కెర 140 దాటుట అరుదు. వచ్చిన చక్కెర వచ్చినట్లే ఎచటికో పోవుచున్నదన్నమాట.

రెండు గాదెలు, రెండు తాళపుచెవులు

పల్లెలో పంట ఇంటికి రాగానే గాదెలో పోసినట్లు, దేహము గ్లూకోజును గ్లైకోజెన్ అను రూపమున దాచుకొనును. ఇందుకు రెండు గాదెలు కలవు. కాలేయము చిన్న గాదె. అందులో సుమారు 100 గ్రాములు పట్టును. కండరములు పెద్ద గాదె. అందులో సుమారు 400 గ్రాములు పట్టును. కాలేయము తాను దాచినదానిని రాత్రివేళ మరల రక్తములోనికి విడిచి మెదడును పోషించును. కండరములు తాము దాచినదానిని తమ పనికే వాడుకొనును.

కండరపు కణములోనికి గ్లూకోజు తనంతట తాను పోజాలదు. దానికి ద్వారములు తెరువవలెను. క్లోమములో పుట్టు ఇన్సులిన్ అను హార్మోను మొదటి తాళపుచెవి. మొదటి తరగతి మధుమేహములో ఇన్సులిన్‌ను పుట్టించు కణములు నశించిపోవును; తాళపుచెవియే ఉండదు. రెండవ తరగతి మధుమేహములో తాళపుచెవి ఉండును గాని తాళము బిగిసిపోయి సులభముగా తిరుగదు. మన దేశములోని రోగులలో అత్యధికులు ఈ రెండవ తరగతివారే.

రెండవ తాళపుచెవి కండరముల కదలికయే. కండరము ముడుచుకొని విచ్చుకొనునప్పుడు ఇన్సులిన్ ప్రమేయము లేకయే గ్లూకోజు ద్వారములు కణపు పైపొరకు వచ్చి తెరచుకొనును. ఇన్సులిన్‌కు సరిగా లొంగని కండరములలో కూడ ఈ రెండవ మార్గము పనిచేయును. మధుమేహ రోగికి వైద్యులు నడకను మందుతో సమానముగా విధించుటకు కారణమిదియే.

పనిచేయు కండరమునకు శక్తినిచ్చు పదార్థమును కనుగొనుటలో తెలుగువానికి పాలు కలదు. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలిసి, కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, అడినొసిన్ ట్రైఫాస్ఫేటును 1929లోను ప్రకటించెను. కండరము పనిచేయునప్పుడు ఈ పదార్థములు క్షణక్షణము ఖర్చగుచుండును. వాటిని తిరిగి తయారుచేయుటకే గ్లూకోజు దహింపబడును. పని లేనిచో ఖర్చు లేదు; ఖర్చు లేనిచో గాదె ఖాళీ కాదు; గాదె నిండియున్నచో కొత్త పంటకు చోటు లేదు.

కదలిక తగ్గినచో ఫలితము త్వరలోనే కనబడును. డెన్మార్కు శాస్త్రజ్ఞులు 2010లో ప్రకటించిన ప్రయోగములో, దినమునకు సుమారు 10,000 అడుగులు నడచుచుండిన ఆరోగ్యవంతులైన యువకుల చేత రెండు వారముల పాటు 1,500 అడుగులకు లోపుగా నడిపించిరి. ఆ రెండు వారములలోనే వారి దేహములు ఇన్సులిన్‌కు లొంగుట తగ్గెను. రోగములేని యువకులకే రెండు వారములలో ఇంత మార్పు కలిగినచో, 68 దినములు ఇంటనున్న రోగుల సంగతి ఊహింపవచ్చును.

కూర్చున్నవారికి నాలుగు శత్రువులు

లాక్‌డౌన్ తగ్గించినది నడక ఒక్కటే కాదు. పార్కులు మూతపడెను; ఉద్యోగములకు, బజారునకు పోవుట తగ్గెను. ఇది మొదటిది.

రెండవది వంటయిల్లు. కూరగాయలు దొరకని దినములలో అన్నము, అటుకులు, ఉప్మా వంటి పిండివంటకములు ఎక్కువయ్యెను. పొద్దుపోక చిరుతిండి పెరిగెను. రోగనిరోధకశక్తికని అనేక గృహములలో బెల్లముతోను, తేనెతోను కషాయములు కాచి పూటపూట త్రాగిరి. బెల్లములో అత్యధిక భాగము సుక్రోజు, అనగా మామూలు చక్కెరయే. తేనెలో గ్లూకోజు, ఫ్రక్టోజు విడివిడిగా కలవు. మిరియాలు, శొంఠి ఉన్నంత మాత్రమున బెల్లపు పాకము మందు కాజాలదు. రాగిజావ విషయమునను ఇట్టి భ్రమయే కలదు. రాగులలో పీచు, సున్నము ఉన్న మాట నిజము. కాని మెత్తగా విసరి, పలుచగా కాచిన జావ త్వరగా జీర్ణమై చక్కెరను త్వరగా పెంచును. అవే రాగులు ముద్దగా, పప్పుకూరతో కలిపి, మితముగా తిన్నచో వేగము తగ్గును. ఆ రెండు నెలలు మామిడిపండ్ల కాలము కూడ.

మూడవది గడియారము. రాత్రి పొద్దుపోవువరకు మేలుకొని, ఉదయము ఆలస్యముగా లేచి, భోజనవేళలు మారిపోయినప్పుడు మందువేళలును మారిపోవును. నిద్ర తక్కువైనచో దేహము ఇన్సులిన్‌కు లొంగుట తగ్గునని ప్రయోగములు చూపినవి.

నాలుగవది భయము. ఆదుర్దాలో అడ్రినలిన్, కార్టిసాల్ అను హార్మోనులు హెచ్చును. పులిని చూచి పరుగెత్తవలసినవానికి కండరబలము కావలెనని అవి కాలేయపు గాదెను తెరచి చక్కెరను రక్తములోనికి పంపును. కాని వార్తలు విని భయపడినవాడు పరుగెత్తుట లేదు, కుర్చీలోనే ఉన్నాడు. వెలువడిన చక్కెర ఖర్చు కాక రక్తములోనే నిలుచును.

ఇంటిలోనే నడక, పళ్ళెములోనే క్రమము

ఈ నాలుగింటిలో మొదటి మూడు రోగి చేతిలోనివే. 12 అడుగుల వరండా ఉన్నను చాలును. నింపాదిగా కాక కొంచెము చురుకుగా నడచువాడు నిమిషమునకు సుమారు 100 అడుగులు వేయును. మూడు పూటల భోజనానంతరము పదేసి నిమిషములు ఇటునటు నడచినచో 3,000 అడుగులగును. భోజనమైన తరువాత నడచుటలో ప్రత్యేకమైన లాభము కలదు: చక్కెర రక్తములోనికి వచ్చుచున్న వేళకే రెండవ తాళపుచెవి తిరుగును. కుర్చీ నుండి చేతుల ఊత లేకుండ పదిసార్లు లేచి కూర్చుండుట తొడలలోని పెద్ద కండరములకు మంచి పని. మేడమెట్లు, డాబామీద సాయంకాలపు నడక, ఇల్లూడ్చుట, నీరు తోడుట ఇవన్నియు లెక్కలోనికి వచ్చును. గంటల తరబడి కదలక కూర్చుండుట మాత్రము కూడదు. అరగంటకొకసారి లేచి రెండు మూడు నిమిషములు తిరుగుట మేలు.

ఒక జాగ్రత్త. ఇన్సులిన్‌గాని, చక్కెరను బాగుగా తగ్గించు మాత్రలుగాని వాడువారు శ్రమచేయుటకు ముందు చక్కెరను చూచుకొనవలెను. చక్కెర 250 దాటి, వాంతులు, ఆయాసము వంటి లక్షణములు ఉన్నప్పుడు వ్యాయామము చేయరాదు.

భోజనములో అన్నము మానవలసిన పని లేదు. పరిమాణమును, వరుసను మార్చవలెను. పళ్ళెములో సగము కూరలు, ఆకుకూరలు. నాలుగవ వంతు పప్పు, గ్రుడ్డు, చేప వంటి మాంసకృత్తులు. నాలుగవ వంతు అన్నము లేక రొట్టె. కూర, పప్పు ముందు తిని అన్నము తరువాత తిన్నచో చక్కెర మెల్లగా పెరుగును. పచ్చికూరలు దొరకని దినములలో పెసలు, అలసందలు, శనగలు ఆదుకొనును. ఇవి నెలల తరబడి నిలువయుండును. పీచు, మాంసకృత్తులు రెండును వీటిలో కలవు.

వ్రేలికొనపై ఒక బొట్టు

కన్ను చూడలేని చక్కెరను కొలుచుటకు గ్లూకోమీటరు అను చిన్న యంత్రము కలదు. దాని పట్టీ చివర గ్లూకోజు మీదనే పనిచేయు ఎంజైము పూయబడియుండును. రక్తపుబొట్టు తగులగానే ఈ ఎంజైము గ్లూకోజు నుండి ఎలక్ట్రానులను గ్రహించును. ఈ ఎలక్ట్రానులు సన్నని విద్యుత్ప్రవాహముగా యంత్రములోనికి పోవును. గ్లూకోజు ఎంత ఎక్కువయో ప్రవాహము అంత ఎక్కువ. యంత్రము ఆ ప్రవాహమును కొలిచి అంకెగా చూపును.

యంత్రము వ్రేలిమీదిది ఏదో, రక్తములోనిది ఏదో ఎరుగదు. మామిడిపండు ఒలిచిన చేతితో పరీక్షించినచో, తొనమీది తీపి బొట్టులో కలిసి లేని చక్కెరను చూపును. చేతికి శానిటైజరు పూసికొనుట దీనికి చాలదు. సబ్బుతో కడిగి, తడి పూర్తిగా ఆరిన తరువాతనే వ్రేలిని గుచ్చవలెను. ఒకే అంకెను చూచి భయపడుట కంటె, పరగడుపున ఒకటి, భోజనమైన రెండు గంటలకు ఒకటి చొప్పున తేదీ, వేళ, తిన్న పదార్థములతో ఒక పుస్తకములో వ్రాసికొనుట ముఖ్యము. వారము దినములు వ్రాసినచో ఏ భోజనము ఎంత పెంచుచున్నదో రోగికే తెలియును.

ఆ పుస్తకమే వైద్యునికి దూరము నుండి రోగిని చూపు కన్ను. లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25వ తేదీననే కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ దూరవైద్య నియమావళిని విడుదల చేసెను. ఫోనులో మాటలాడి వైద్యుడు మందులను సూచించుటకు దానివలన స్పష్టమైన మార్గము ఏర్పడెను. అంకెలు వ్రాసియుంచిన రోగికి ఈ సౌకర్యము పూర్తిగా ఉపయోగపడెను. వ్రాయనివానికి వైద్యుడు చెప్పగలిగినది తక్కువ.

వేసవిలో ఇన్సులిన్

ఇన్సులిన్ ఒక మాంసకృత్తు. అతివేడిమికి చెడిపోవును, గడ్డకట్టినను చెడిపోవును. మూత విప్పని సీసాలను 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉంచవలెను. మంచు కట్టు అరలో పెట్టరాదు. వాడుకలోని సీసా సాధారణముగా 25, 30 డిగ్రీలకు లోబడిన చోట సుమారు నాలుగు వారములు నిలుచును. లాక్‌డౌన్ కాలము మనకు నడివేసవి. ఏప్రిల్, మే నెలలలో తెలుగు ప్రాంతములలో అనేక చోట్ల 40 డిగ్రీలు దాటును.

రిఫ్రిజిరేటరు లేని ఇంటిలో మట్టికుండ సహాయపడును. పెద్ద కుండలో తడియిసుక పోసి, దానిలో చిన్న కుండను కూర్చి, తడి తగలకుండ సంచిలో చుట్టిన సీసాను అందులో ఉంచి మూత పెట్టవలెను. ఇసుకలోని నీరు కుండ గోడల రంధ్రముల గుండ ఆవిరియగుచు వేడిమిని గ్రహించుటచే లోపల చల్లబడును. కుండ నీడను, గాలి తగులు చోట ఉండవలెను. గాలిలో తేమ ఎక్కువగా ఉండు కోస్తాలో కంటె పొడిగాలి వీచు రాయలసీమ, తెలంగాణ ప్రాంతములలో ఈ ఉపాయము బాగుగా పనిచేయును. ఈ భేదమునకు కారణమేమో ఉపాధ్యాయులు తరగతిలో విద్యార్థులనే అడుగవచ్చును.

రెండు అంచులు

చక్కెర విషయమున ప్రమాదము రెండు వైపుల నుండి వచ్చును. మాత్ర వేసికొని, లేదా ఇన్సులిన్ తీసికొని భోజనము తప్పినచో చక్కెర 70కి దిగువకు పడిపోవచ్చును. చెమటలు, వణుకు, ఆకలి, గుండెదడ, మాట తడబడుట దీని గుర్తులు. వెంటనే 15 గ్రాముల గ్లూకోజుగాని, మూడు చిన్న చెమ్చాల చక్కెరగాని నీటిలో కలిపి త్రాగించవలెను. 15 నిమిషములలో మరల పరీక్షించి, పెరుగనిచో మరల ఇవ్వవలెను. నేతిమిఠాయి ఇందుకు పనికిరాదు. క్రొవ్వు జీర్ణక్రియను మందగింపజేయును. తెలివి తప్పినవాని నోట ఏదియు పోయరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

రెండవ అంచు జ్వరకాలములో వచ్చును. రోగముతో పోరాడు దేహము చక్కెరను తానే పెంచుకొనును. కనుక “ఏమియు తినలేదు గదా” యని ఇన్సులిన్ మానివేయుట గొప్ప పొరపాటు. ఇన్సులిన్ బొత్తిగా లేనిచో దేహము క్రొవ్వును కరగించుకొనును. దానినుండి పుట్టిన కీటోనులు రక్తమును ఆమ్లభరితము చేయును. వాంతులు, కడుపునొప్పి, బరువైన ఊపిరి, శ్వాసలో పండ్లవాసన కనబడినచో ప్రాణాపాయమని ఎరిగి లాక్‌డౌన్ ఉన్నను ఆసుపత్రికి పోవలెను. జ్వరము వచ్చిన దినములలో నాలుగేసి గంటలకు చక్కెరను చూచుకొనుచు, నీరు తరచుగా త్రాగవలెను. వాంతులు, విరేచనములు ఉన్నప్పుడు కొన్ని మాత్రలను తాత్కాలికముగా ఆపవలసియుండును. అవి ఏవో జ్వరము రాకముందే వైద్యుని అడిగి వ్రాసికొనుట మంచిది.

కొవిడ్ చికిత్సలో మరియొక మెలిక కలదు. డెక్సామెథసోన్ అను స్టెరాయిడు, ప్రాణవాయువు అవసరమైన రోగులలో మరణములను తగ్గించునని బ్రిటనులోని ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు 2020 జూన్‌లో ప్రకటించిరి. ఆ మందు అనేకులను బ్రతికించెను. కాని స్టెరాయిడులు చక్కెరను మిక్కిలి పెంచును. 2021 వేసవిలో రెండవ కెరటము వచ్చినప్పుడు, అదుపులేని మధుమేహము ఉండి స్టెరాయిడులు వాడిన వారిలో మ్యూకార్‌మైకోసిస్, అనగా జనులు నల్ల ఫంగస్ అని పిలిచిన వ్యాధి, ఎక్కువగా కనబడెను. చక్కెర ఎక్కువైన రక్తములో ఈ బూజు బాగుగా పెరుగును. దానిని ఎదిరించు తెల్లకణముల శక్తి తగ్గును. ఆ మే నెలలో తెలంగాణతో సహా పెక్కు రాష్ట్రములు దీనిని తప్పక ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధిగా ప్రకటించెను. వైద్యుని సలహా లేక స్టెరాయిడులు వాడరాదనియు, వాడుచున్నంత కాలము చక్కెరను కొలుచుచుండవలెననియు ఆ వేసవి కఠినముగా నేర్పెను.

ఎర్రకణములు వ్రాసిన లెక్క

రక్తములోని ఎర్రకణము సుమారు 120 దినములు జీవించును. దానిలోని హీమోగ్లోబిన్‌కు గ్లూకోజు కొద్దికొద్దిగా అంటుకొనుచుండును; రక్తములో చక్కెర ఎంత ఎక్కువయో అంత ఎక్కువగా అంటుకొనును. హెచ్‌బీఏ1సీ అను పరీక్ష ఈ అంటుకొనిన భాగమును కొలుచును. ఇది గడచిన రెండు మూడు నెలల సగటును తెలుపును. 68 దినముల లాక్‌డౌన్ సరిగా ఈ కాలపరిమితికి లోబడినదే. కనుక జూన్ నెలలో పరీక్ష చేయించుకొనినవారి ఎర్రకణములలో ఆ దినముల చరిత్ర దాదాపుగా వ్రాయబడియే ఉండెను.

ఆ చరిత్ర అందరికి ఒకటిగా లేదు. లాక్‌డౌన్ వలన అందరి చక్కెరయు పెరుగునని మొదట భయపడిరి. కొందరికి పెరిగెను కూడ. కాని ఇటలీ, స్పెయిన్ దేశములలో చర్మమునకు అంటించుకొను యంత్రములతో నిరంతరము చక్కెరను కొలుచుకొను మొదటి తరగతి రోగులను పరిశీలింపగా, ఇంటనున్న వారములలో పెక్కుమందికి చక్కెర మునుపటికంటె మెరుగైనట్లు కనబడెను. ఉద్యోగపు ఉరుకులాట తగ్గి, భోజనము వేళకు దొరికి, నిద్ర నిండుగా పట్టి, తమ అంకెలను చూచుకొనుటకు తీరిక కలుగుట ఇందుకు కారణములని పరిశోధకులు భావించిరి.

మూసిన తలుపులు రెండు చోట్ల ఒకటే. లోపలి దినచర్యలు వేరు. వేళకు భోజనము, వేళకు మందు, వేళకు నిద్ర, భోజనానంతరము పది నిమిషముల నడక, పుస్తకములో వ్రాసిన అంకెలు ఉన్న ఇంటిలో చక్కెర అదుపులో నిలిచెను. ఇవి లేనిచోట తప్పెను. వరదలు వచ్చినను, కాలు విరిగి మంచము పట్టినను, మరియొక మారి వ్యాపించినను మనుష్యుడు మరల ఇంటికి కట్టుబడవలసి రావచ్చును. నెలకు సరిపడు మందులు, పట్టీలు, ఒక పొట్లము గ్లూకోజు, వైద్యుని ఫోను నంబరు వ్రాసిన కాగితము ఒకచోట పెట్టుకొనుట ప్రతి మధుమేహ రోగి ఇంట నేడే చేయదగిన పని. ఇంటిలో అట్టి పెద్దలున్న విద్యార్థి, అంకెల పుస్తకము వ్రాయుటలో వారికి సహాయపడినచో, చదివిన శాస్త్రము ఆ ఇంటికే ఉపయోగపడును.